ఆరుద్ర చుక్క పేలితే మనకేమవుతుంది?

ఆరుద్ర కార్తె అంటే ఏమిటో కృష్ణా డెల్టాలో ఎవరికీ చెప్పనక్కరలేదు. తడిసిన నేలమీద ఎర్రని ఆరుద్ర పురుగులు తిరిగే రోజులవి. నారుమళ్ళు సిద్ధం చేసుకొని, ప్రకాశం బ్యారేజీ నుండి కాలువలకు నీరెప్పుడు వదులుతారా అని ఎదురుచూస్తుంటాం. కాని కార్తెకు పేరిచ్చిన చుక్క మాత్రం ఆ రోజుల్లో కనబడదు. సూర్యుడు అటువైపే ఉంటాడు. దాన్ని చూడాలంటే డిసెంబరులో, క్రిస్మస్ పాటలు పాడుతూ ఇంటింటికీ తిరిగే రాత్రి తూర్పుకు చూడాలి. వరుసగా మూడు చుక్కలు, వాటికి ఎడమగా ఎర్రనిది ఒకటి. అదే ఆరుద్ర. యోబు గ్రంథం 9వ అధ్యాయంలో పేరున్న మృగశీర్ష గుంపులోనిది.

ఇంగ్లీషువారు బెటెల్‌జూస్ అనే ఈ చుక్క 2019 చివర, 2020 మొదట్లో బాగా మసకబారింది. పేలబోతోందేమోనని పత్రికలు రాశాయి. ఇది అంత్యదినాల గురుతా అని అడిగేవారు మన సంఘాలలోనూ ఉన్నారు. అది కక్కిన వాయువు ధూళిగా మారి దానికే అడ్డుపడిందని తరువాత తేలింది. రాకడ తేదీ మనుష్యులెవరికీ తెలియదని మత్తయి 24వ అధ్యాయంలో ఉండగా, చుక్కలను చూసి తేదీలు కట్టే బోధకులతో మేము ఏకీభవించము.

అయితే ఆరుద్ర ఏనాటికైనా పేలేదే. సూర్యుని స్థానంలో పెడితే మన భూమిని మింగేటంత పెద్దది. లోపలి ఇంధనం అయిపోగానే నడిమి భాగం కూలి, పై భాగం చెదిరిపోతుంది. లక్ష సంవత్సరాల లోపు జరగవచ్చని అంచనా.

అటువంటి పేలుడు 30 కాంతి సంవత్సరాల లోపు జరిగితే ప్రమాదమే. దాని కిరణాలు మన గాలిలోని నత్రజనిని, ఆమ్లజనిని విడగొడతాయి. అప్పుడు పుట్టే వాయువులు పైనున్న ఓజోన్ పొరను తినేస్తాయి. గొడుగు చిరిగితే ఎండలోని అతినీలలోహిత కిరణాలు నేరుగా పడతాయి. మొదట దెబ్బతినేది సముద్రపు పైనీటిలో తేలే, కంటికి కనబడని నాచు. మచిలీపట్నం వలల్లో పడే చేపలకు మూలమైన మేత అదే.

ఆరుద్ర దూరం 500 కాంతి సంవత్సరాలకు పైమాటే. ఇప్పుడు మనం చూసే దాని వెలుగు విజయనగర రాజుల నాడు బయలుదేరింది! అది పేలితే అర్ధచంద్రునంత వెలుగుతో, కొన్ని నెలలు పగలు కూడా కనబడుతుంది. అంతే. రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడు ఏలుతుండగా, 1054లో, ఇలాంటిదే మరొకటి 23 రోజులు పట్టపగలు కనబడిందని చైనావారు రాసిపెట్టారు. అది ఇంకా ఎంతో దూరాన పేలింది. ఎవరికీ హాని కలగలేదు.

నక్షత్రాల పేలుళ్ళలో పుట్టే 'ఇనుము-60' హిందూ మహాసముద్రపు అడుగు మట్టిలోనూ దొరికిందని 2016లో ప్రకటించారు. సుమారు 20, 30 లక్షల ఏళ్ళ క్రితం పేలిన చుక్కల ధూళి అది. అయినా భూమిమీద జీవం నిలిచింది.

మనిషి మంటివాడని చదువుకుంటాం. ఆ మంటిలోని ఇనుము కూడా భూమి పుట్టకమునుపే నక్షత్రాలలో తయారై, అవి పేలినప్పుడు చెల్లాచెదరైనదే. మన నెత్తురు ఎర్రగా ఉండటం దానివల్లనే. ఆరోగ్య కేంద్రంలో గర్భిణులకు నర్సమ్మ ఇచ్చే రక్తహీనత మాత్రలో ఉన్నదీ ఆ ఇనుమే.