కాలి కంటె ముందు ఆలోచన

ఫుట్‌బాల్ ఆటలో చిరకాలం గుర్తుండే ఘట్టాలు పాదబలం వల్లనే సిద్ధించవని మా విద్యార్థులకు తరచు చెబుతుంటాము. ఇందుకు హైదరాబాదు చరిత్రయే నిదర్శనం. ఉపాధ్యాయ వృత్తి చేసిన సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది.

1962 జకార్తా ఆసియా క్రీడలలో భారత జట్టుకు ఆయనే గురువు. రక్షణ వరుసలో ఆడే జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం సాహెబు అతనిని పక్కన కూర్చోబెట్టక, గోలు చేసే ముందు వరుసకు పంపారు. దక్షిణ కొరియాతో తుది పోటీ మొదటి సగంలోనే పి.కె. బెనర్జీ, జర్నైల్ చెరొక గోలు చేశారు. 2–1తో స్వర్ణపతకం మనదైంది. అప్పటికే క్యాన్సర్ పీడితులైన రహీం సాహెబు 1963లో కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మరల స్వర్ణం రాలేదు.

సంగారెడ్డి, పటాన్‌చెరు కర్మాగారాల నడుమ పెరుగుతున్న మా విద్యార్థుల కాళ్ళలో వేగానికి కొదువ లేదు. సాయంకాలం ఒక గంట మైదానము, ఆలోచన నేర్పే ఒక శిక్షకుడు వారికి కావాలి. కళాశాల కమిటీ పెద్దలు ఈ విన్నపమును ఆలకింతురని ఆశిస్తున్నాము.