సాగే పట్టీ కుక్కను ఆపుతుంది, వెనక్కి తేలేదు

పెంపుడు కుక్కను నడకకు తీసుకువెళ్లేవారి చేతుల్లో పాత గొలుసుకు బదులు ఇప్పుడు డబ్బా వంటి ప్లాస్టిక్ పిడి కనిపిస్తోంది. కుక్క ముందుకు వెళ్తే అందులోంచి పట్టీ సాగుతుంది, దగ్గరికి వస్తే దానంతట అదే లోపలికి చుట్టుకుంటుంది. దీనినే రిట్రాక్టబుల్ లీష్ అంటున్నారు. ఆలోచన కొత్తదేమీ కాదు. న్యూయార్క్‌కు చెందిన మేరీ డెలానీ అనే మహిళ 1908లోనే ఇటువంటి సాధనానికి అమెరికాలో పేటెంట్ పొందారు. 1970లలో జర్మనీలో మొదలైన ఫ్లెక్సీ సంస్థ దీనిని విస్తృతంగా వాడుకలోకి తెచ్చింది.

పిడి లోపల పట్టీ చుట్టిన చక్రం, దానికి గడియారపు స్ప్రింగును పోలిన స్ప్రింగు ఉంటాయి. బొటనవేలితో మీట నొక్కితే చక్రం ఆగుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. వదులుగా ఉన్న పట్టీని చుట్టుకునే బలమే ఆ స్ప్రింగుకు ఉంటుంది, కుక్కను లాక్కొచ్చే బలం ఉండదు. మీట నొక్కిన తరువాత కూడా 5 మీటర్ల దూరంలో ఉన్న కుక్క ఆ 5 మీటర్ల పరిధిలో ఎటైనా తిరగగలదు. మన కాలనీ వీధులు అనేకం అంత వెడల్పు కూడా ఉండవు. దానిని దగ్గరికి తేవాలంటే మీట నొక్కి పిడిని వెనక్కి లాగాలి, చేతిని ముందుకు చాచి మీట వదలాలి, పట్టీ చుట్టుకోగానే మళ్లీ నొక్కాలి. ఇలా ఒకటికి రెండుసార్లు చేయవలసి వస్తుంది. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వచ్చే మోటారు సైకిల్ ఒక్క సెకనులో 10 మీటర్లు దాటుతుంది. వీధికుక్కల గుంపు ఎదురైనప్పుడూ అంత వ్యవధి దొరకదు.

ఆ కంగారులో సహజంగా చెయ్యి పట్టీ మీదికే పోతుంది. సన్నని తాడు రకమైతే అరచేతిని ఒరుసుకుంటూ జారి, కాలినట్టు గాయం చేస్తుంది. వేళ్లకు చుట్టుకుని వేలు తెగిపోయిన ఉదంతాలు వైద్య పత్రికలకు ఎక్కాయి. వెడల్పాటి టేపు రకం కొంత నయం. కొక్కెం విరిగితే పట్టీ వేగంగా వెనక్కి వచ్చి ముఖానికి తగలవచ్చు. ఈ కారణంగానే 2008లో అమెరికాలో ఒక రకం పట్టీలను రెండు లక్షలకు పైగా మార్కెట్ నుంచి వెనక్కి రప్పించారు.

కుక్కకూ ఇబ్బంది ఉంది. పొట్టి పట్టీతో దానికి వేగం అందుకునే చోటుండదు. పొడవాటి పట్టీతో పరుగెత్తి చివర ఒక్కసారిగా ఆగితే ఆ కుదుపంతా మెడపై పడుతుంది. అందుకే మెడపట్టీకి కాక, ఛాతీని చుట్టి ఉండే హార్నెస్‌కు తగిలించడం మేలు. లాగితే పట్టీ సాగుతుందని కుక్క త్వరగా గ్రహిస్తుంది, ఆపై లాగడమే అలవాటవుతుంది. బరువైన పిడి చేజారితే చప్పుడు చేస్తూ తన వెంటే వస్తుంటే బెదిరి పరుగు తీసే కుక్కలూ ఉన్నాయి.

అపార్టుమెంట్లలో లిఫ్టు విషయం వేరుగా చెప్పుకోవాలి. యజమాని లోపలా, కుక్క బయటా ఉండగా తలుపులు మూసుకుంటే జరిగేది ఊహించడం కష్టం కాదు. పెంపుడు జంతువు వల్ల మనుషులకు ప్రమాదం కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోకపోవడం భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం నేరం. ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

రోడ్డుపైనా, మెట్లపైనా, లిఫ్టులోనూ నాలుగు నుంచి ఆరు అడుగుల మామూలు పట్టీ చాలు. పిలిస్తే వచ్చే కుక్కకు, జనం లేని మైదానంలో సాగే పట్టీ బాగానే పనికివస్తుంది. కొనేటప్పుడు అది ఎన్ని కిలోల కుక్కకు ఉద్దేశించినదో పెట్టెపై చూసుకోవాలి. తాడు చివర పోగులు లేచినా, మీట సరిగా పట్టకపోయినా ఆ పట్టీని పక్కన పెట్టేయాలి.