విద్వత్పత్రికలు – ప్రకటనా నీతి

గద్వాలకు ‘విద్వద్గద్వాల’ అను పేరు ఊరకే వచ్చినది కాదు. కార్తిక, మాఘ మాసాలలో ఆ సంస్థానంలో జరిగే సభలకు ఆంధ్రదేశపు నాలుగు చెరగుల నుండి కవులు, పండితులు విచ్చేసేవారు. పొరుగున ఉన్న వనపర్తి, ఆత్మకూరు, జటప్రోలు సంస్థానాలు కూడా ఈ విషయంలో గద్వాలకు తీసిపోలేదు. తిరుపతి వేంకట కవులంతటి వారు సైతం గద్వాల, ఆత్మకూరు, వనపర్తులకు వచ్చి తమ విద్యను సభలో ప్రదర్శించినవారే. శాలువా కప్పించుకొనుటకు ముందు ప్రశ్నకు నిలువవలె. తప్పు దొర్లితే పట్టుకొనేవాడు ఎదుటనే కూర్చుండి ఉండేవాడు.

అచ్చుయంత్రం వచ్చిన పిమ్మట ఈ సభ చెదరిపోయినది. వ్రాసేవాడు ఒకచోట, చదివేవాడు మరొకచోట. నడుమ ప్రశ్నించేవాడు ఎవడు? పరిశోధన పత్రికల నీతినియమాలన్నియు ఈ ఒక్క ప్రశ్నకు సమాధానంగా పుట్టినవే.

1665లో లండన్ నగరంలో హెన్రీ ఓల్డెన్‌బర్గ్ ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ అను పత్రికను ప్రారంభించినాడు. శాస్త్రవిషయాలకే అంకితమైన తొలి పత్రికలలో అది ఒకటి, నేటికీ వెలువడుచున్నది. కాలక్రమంలో ఒక పద్ధతి స్థిరపడినది. పత్రికకు వచ్చిన వ్యాసాన్ని సంపాదకుడు తానొక్కడే నిర్ణయించక, ఆ విషయం ఎరిగిన ఇద్దరు ముగ్గురు పండితులకు పంపుతాడు. వారి పేర్లు సాధారణంగా రచయితకు తెలియవు. వారు ప్రశ్నలు వేస్తారు, లోపాలు చూపుతారు. రచయిత సమాధానం చెప్పవలె, లేదా దిద్దుకొనవలె. దీనినే పియర్ రివ్యూ అంటున్నారు. గద్వాల సభకు ఇది కాగితం మీది రూపం అనుకొనవచ్చు. అయితే సభలో ప్రశ్న వేసినవాడు కనిపించేవాడు, ఇక్కడ తెర వెనుక ఉంటాడు. మొగమాటం లేకుండుటకే ఆ తెర.

పరీక్షకులు ఎంత నిపుణులైనా తమ ముందు పెట్టినదానినే పరీక్షించగలరు. పెట్టని ఆధారాన్ని ఎవరు పరీక్షిస్తారు? ఇందుకు మన వనపర్తితో సంబంధం గల ఒక ఉదంతాన్ని కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది.

మానవల్లి రామకృష్ణకవి (1866–1957) గారు వనపర్తి సంస్థానపు ఆదరణ పొందిన పండితులు. మరుగున పడిన కవులను వెలికి తెచ్చుటకే జీవితాన్ని ధారపోసినారు. అభినవగుప్తుని వ్యాఖ్యతో కూడిన భరతుని నాట్యశాస్త్రాన్ని పరిష్కరించి, 1926 నుండి బరోడా గ్రంథమాలలో ప్రకటించినవారు వీరే. ‘క్రీడాభిరామము’ను తొలిసారి అచ్చులోనికి తెచ్చినవారూ వీరే. 1909లో వీరు తంజావూరులో లభించిన ప్రతి ఆధారంగా నన్నెచోడుని ‘కుమారసంభవము’ తొలి భాగాన్ని ప్రకటించినారు. నన్నెచోడుడు క్రీ.శ. 940 ప్రాంతం వాడని, కనుక నన్నయకంటె పూర్వుడని సిద్ధాంతం చేసినారు. ఆదికవి పీఠమే కదిలినట్లయినది. పండితలోకం రెండుగా చీలినది. ఈనాడు పలువురు నన్నెచోడుని పండ్రెండవ శతాబ్దికి చెందినవానిగా భావిస్తున్నారు.

కాలనిర్ణయంలో పొరపడుట దోషం కాదు. పండితులందరూ ఎప్పుడో ఒకప్పుడు పొరపడినవారే. చిక్కు మరొకటి వచ్చినది. ఈ కావ్యం ప్రాచీనమే కాదని, ఇందులో పరిష్కర్త చేయి మిక్కుటమని కొందరు శంకించినారు. ఆచార్య కొర్లపాటి శ్రీరామమూర్తి గారు ఈ సందేహాన్ని గ్రంథరూపంలోనే వాదించినారు. దానికి ప్రతివాదాలూ వచ్చినవి. నా మట్టుకు నాకు ఆ ఆరోపణ నిలుస్తుందని తోచదు. అంతటి కావ్యం వ్రాయగలవాడు తన పేరు దాచి, వేరొకని పేరు నిలుపుటకు జీవితమంతా పాటుపడినాడని నమ్ముట కష్టం. కాని నా నమ్మకం సాక్ష్యం కాదు. మూలప్రతిలో ఉన్న అక్షరం ఏది, శిథిలమైన చోట పరిష్కర్త పూరించిన అక్షరం ఏది అని ప్రతి పుటలోను విడదీసి చూపుట ఆ కాలపు అలవాటు కాదు. పూరించుటను ఉపకారంగానే భావించేవారు. ఆ అలవాటుకు మూల్యం, మహాపండితుని నిజాయితీ మీద ఆయన కన్నుమూసిన తరువాత కూడా ఆగని వాదం.

దీనికి ప్రక్కనే గద్వాల ప్రాంతపు మరొక ఉదాహరణను నిలిపి చూడండి. బోరవెల్లిలో 1896లో జన్మించిన సురవరం ప్రతాపరెడ్డి గారు, నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న మాట వినవచ్చినప్పుడు కోపంతో సంపాదకీయం వ్రాసి ఊరకుండలేదు. 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ ప్రకటించినారు. అందులో 354 మంది కవులు, వారి పద్యాలు, వారి పరిచయాలు. నమ్మనివాడు ఆ ఊరికి పోయి విచారించుకొనవచ్చును!

ఇక చౌర్యం సంగతి. ఉర్దూ కావ్యశాస్త్రం చదివిన విద్యార్థులకు ‘సర్ఖా’, ‘తవారుద్’ అను మాటలు కొత్త కావు. ఒకరి భావాన్ని తెలిసి అపహరించుట సర్ఖా. ఇద్దరికి ఒకే భావం తమంత తాముగా తోచుట తవారుద్. ఈ రెంటికి గల భేదాన్ని మన ఉస్తాదులు ఏనాడో గుర్తించినారు. నేటి యంత్రాలు పోలికను శాతాలలో లెక్కించగలవు గాని ఈ భేదాన్ని చెప్పలేవు. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 2018లో చేసిన నిబంధనల ప్రకారం సిద్ధాంతగ్రంథంలో పోలిక 10 శాతం దాటితే దిద్ది మరల సమర్పించవలె. 40 దాటితే ఒక సంవత్సరం వరకు సమర్పించరాదు. 60 దాటితే నమోదే రద్దు. ఈ కట్టడి ఎందుకు అవసరమైనదో తెలియుటకు దూరం పోనక్కరలేదు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోని ఒక రసాయనశాస్త్రాచార్యుని పేర విదేశీ పత్రికలలో వెలువడిన సుమారు 70 వ్యాసాలు పరుల సొత్తో, కల్పితాలో అన్న వార్త 2008లో ప్రపంచమంతా ప్రాకినది. పరీక్షకుల కన్ను కప్పి అన్ని వ్యాసాలు దాటిపోయినవన్నది కూడా గమనింపదగినది. ఇట్టి సందర్భాలలో సంపాదకులు ఏమి చేయవలెనో చర్చించుకొనుటకే 1997లో ఇంగ్లండులో ‘కోప్’ అను సంపాదకుల సంఘం ఏర్పడినది. తప్పని తేలిన వ్యాసాన్ని గుట్టుగా తొలగించరాదు; ఉపసంహరించినట్లు బహిరంగంగా ప్రకటించవలెనని దాని మార్గదర్శకాలు చెప్పుచున్నవి.

రచయిత వంచన ఒక ఎత్తు, ప్రచురణకర్త వంచన మరొక ఎత్తు. హైదరాబాదు కేంద్రంగా వందలాది పత్రికలు నడిపిన ఓమిక్స్ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసినది. 2019లో న్యాయస్థానం ఐదు కోట్ల డాలర్లకు పైగా చెల్లించవలెనని తీర్పు చెప్పినది. వ్యాసాలను పండితులచే పరీక్షింపజేస్తున్నామనుట, సమ్మతి లేని వారిని సంపాదకులుగా చూపుట, రుసుమును ముందుగా తెలుపకుండుట - ఇవి ఆ తీర్పులో తేలిన దోషాలు. రుసుము తీసికొనుటయే నేరమని భ్రమపడరాదు. పాఠకులకు ఉచితంగా అందే మంచి పత్రికలు కూడా రచయిత నుండి రుసుము గ్రహిస్తున్నవి. పరీక్షించకయే పరీక్షించితిమని చెప్పుటలో నేరమున్నది.

ఇట్టి అంగళ్లు ఇంతగా వర్ధిల్లుటకు మన నియమాలు కూడా కొంత కారణం. 2016 నిబంధనలు డాక్టరేటు పట్టానికి ముందే ఒక వ్యాసం అచ్చు కావలెనన్నవి. గడువు దగ్గరపడిన విద్యార్థి ఎవరు త్వరగా అచ్చు వేస్తే వారినే ఆశ్రయించినాడు. 2022లో ఆ నియమాన్ని ఎత్తివేసినారు. మంచి పత్రికలకు కమిషన్ పెట్టిన ‘కేర్’ జాబితాను కూడా 2025 ఫిబ్రవరిలో నిలిపివేసినారు. ఇప్పుడు మంచిచెడ్డలు తూచవలసిన భారం కళాశాలల మీద, రచయితల మీద పడినది.

మా పూర్వ విద్యార్థి ఒకడు, నాగర్‌కర్నూల్ దగ్గరి పల్లెవాడు, నాలుగు సంవత్సరాలు చెరువుల నీటిని పరీక్షించి వ్యాసం వ్రాసినాడు. ఒక పత్రికకు పంపిన మూడవ నాడే అంగీకారపత్రం వచ్చినది. ఒక్క ప్రశ్న అడిగినవారు లేరు. సంతోషంతో నాకు చూపినాడు; నాకు అనుమానం కలిగినది. మూడు దినాలలో ఆ పట్టికలను చదువుటయే కష్టం, పరీక్షించుట ఎట్లు? వ్యాసం తిరిగి ఇవ్వుడని వ్రాయమన్నాను. ఉపసంహరణకు కూడా రుసుము కట్టవలెనని సమాధానం వచ్చినది. అతడు కట్టలేదు, వారు వ్యాసాన్ని అచ్చు వేసివేసినారు. ఒకసారి అచ్చయిన వ్యాసాన్ని మరొక పత్రికకు పంపుట నీతి కాదు గనుక ఆ నాలుగేండ్ల లెక్కలు అక్కడనే చిక్కుకొన్నవి. నిరుడు వేసవిలో అతడు సీసాలు సంచిలో వేసుకొని మరల అవే చెరువులకు పోయినాడు.