5.4 ఎస్ఎస్‌హెచ్ ద్వారా దూరంలోని కంప్యూటర్‌ను వాడటం

తిరుపతికి సమీపంలోని గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి ఎం.ఎస్.టి. రాడార్ 53 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంపై పనిచేస్తూ పై వాతావరణంలోని గాలులను పరిశీలిస్తుంది. ఇటువంటి రాడార్ల సమాచారాన్ని విశ్లేషించే వ్యక్తి కంప్యూటర్ ముందే కూర్చోవాలని లేదు. అనుమతి ఉంటే చిత్తూరులోని ఇంటి నుంచి కూడా ఆ పని చేయవచ్చు. అందుకు వాడే పద్ధతే సెక్యూర్ షెల్, క్లుప్తంగా ఎస్ఎస్‌హెచ్.

పూర్వం ఈ పనికి టెల్‌నెట్ వాడేవారు. అందులో పాస్‌వర్డ్ ఉన్నది ఉన్నట్టుగా ప్రయాణించేది కాబట్టి దారిలో ఎవరైనా చదవగలిగేవారు. 1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయ నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌లు చోరీ అయ్యాయి. దాంతో అక్కడి పరిశోధకుడు టాటు యులోనెన్ ఎస్ఎస్‌హెచ్‌ను రూపొందించారు. ఇది సమాచారాన్నంతా సంకేత రూపంలోకి మార్చి పంపుతుంది. దీనినే ఎన్‌క్రిప్షన్ అంటారు.

మీ వైపు పనిచేసే ప్రోగ్రామ్‌ను క్లయింట్ అనీ, అవతలి కంప్యూటర్‌ను సర్వర్ అనీ అంటారు. లినక్స్‌లో టెర్మినల్ తెరిచి, ఎస్ఎస్‌హెచ్ అనే మూడక్షరాల ఆదేశం, ఖాళీ, మీ యూజర్ పేరు, @ గుర్తు, సర్వర్ చిరునామా వరుసగా టైప్ చేయాలి. విండోస్ 10, 11లలో కమాండ్ ప్రాంప్ట్ నుంచి గానీ, పుట్టీ అనే ఉచిత క్లయింట్ ద్వారా గానీ ఇదే పని చేయవచ్చు. సాధారణంగా 22వ పోర్టు వాడతారు. పాస్‌వర్డ్ టైప్ చేసేటప్పుడు తెరపై ఏమీ కనిపించదు. అది లోపం కాదు.

మొదటిసారి కలిసినప్పుడు క్లయింట్ సర్వర్ 'వేలిముద్ర'ను, అంటే ఒక అక్షరాల వరుసను, చూపి కొనసాగమంటారా అని అడుగుతుంది. చాలామంది చదవకుండానే 'ఎస్' అంటారు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. అవతల ఉన్నది నకిలీ సర్వర్ అయితే ఎన్‌క్రిప్షన్ మిమ్మల్ని కాపాడదు. సీలు వేసిన ఉత్తరాన్ని దొంగ చేతికే ఇచ్చినట్లవుతుంది. కనుక సర్వర్ నిర్వాహకుని నుంచి వేలిముద్రను ముందే తెలుసుకొని సరిపోల్చండి.

క్లయింట్ దానిని గుర్తుంచుకుంటుంది. తరువాత ఎప్పుడైనా అది మారితే హెచ్చరిస్తుంది. సర్వర్‌ను కొత్తగా అమర్చి ఉండవచ్చు. మధ్యలో ఎవరైనా చొరబడి ఉండవచ్చు. ఏది నిజమో నిర్వాహకుణ్ణి ఫోన్‌లో అడిగి తెలుసుకునే వరకు పాస్‌వర్డ్ ఇవ్వకండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: ఎన్‌క్రిప్షన్ ఉన్నప్పటికీ సర్వర్ వేలిముద్రను ఎందుకు సరిపోల్చాలి?