పరిశోధన వ్యాసమున ఆధారముల కూర్పు

ఉక్కు కర్మాగారములో కరగించిన ప్రతి పోతకును ఒక సంఖ్య నిత్తురు. దానిని పనివారు హీట్ నంబరు అందురు. కడ్డీల కట్టకు తగిలించిన చీటిమీదను, దానితో వచ్చు పరీక్షా పత్రముమీదను ఆ సంఖ్య ఉండును. కడ్డీ ఎంత దూరము పోయినను, ఆ సంఖ్యనుబట్టి అది ఏ పోతలోనిదో, దానియందు కార్బనము, మాంగనీసు ఏ పాళ్ళలో నున్నవో లెక్కల పుస్తకమునుండి తెలిసికొనవచ్చును. 1992లో జాతికి అంకితమైన విశాఖపట్నపు ఉక్కు కర్మాగారము ఉన్న ఊరివారికి ఈ సంగతి కొత్త కాదు. చీటి ఊడిపోయిన కట్ట మంచి ఉక్కే కావచ్చును. కాని దాని గుణమునకు పూచీ ఉండదు.

శాస్త్ర వ్యాసములోని వాక్యమునకును ఇట్టి చీటి కావలెను. వ్యాసకర్త తాను కొలిచినదానిని ఎట్లు కొలిచెనో వివరించును. ఇతరులు కనుగొన్నదానిని చెప్పునపుడు వారి వ్యాసము ఎచ్చట దొరకునో చూపవలెను. దీనికి రెండు భాగములు కలవు. మొదటిది, వాక్యము ప్రక్కన ఉంచు చిన్న గుర్తు. రెండవది, వ్యాసము చివర నుండు ఆధార పట్టిక. గుర్తు ఉన్న ప్రతిదియు పట్టికలో ఉండవలెను. పట్టికలో ఉన్న ప్రతిదానికిని వ్యాసములో గుర్తు ఉండవలెను. వ్రాతప్రతిని సంపాదకునకు పంపుటకు ముందు ఈ రెంటిని సరిచూచుట మొదటి పని.

పట్టికలో ఏమేమి ఉండవలెను?

ఎవరు, ఎప్పుడు, ఏమి, ఎచ్చట అను నాలుగు ప్రశ్నలకు జవాబులుండవలెను. భీమవరమున 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో సైరస్ ఫిస్కేతో కలిసి భాస్వరమును రంగునుబట్టి కొలుచు పద్ధతిని కనిపెట్టిరి. ఆ వ్యాసమును పట్టికలో ఇట్లు చేర్చవచ్చును:

ఫిస్కే, సి. హెచ్.; సుబ్బారో, వై. (1925). భాస్వరపు వర్ణమాపన నిర్ణయము. జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ, 66, 375–400.

ఇందు 66 అనునది సంపుటము, 375–400 పుటలు. ఆంగ్ల పత్రికకు పంపునపుడు శీర్షికను ఆంగ్లములో అచ్చయినట్లే వ్రాయవలెను. ఇంత చిన్న వరుసతో ప్రపంచములోని ఏ గ్రంథాలయమునందైనను ఆ వ్యాసమును తీయవచ్చును. 66 బదులు 56 అని పడినచో చదువరి వేరొక సంపుటమును తిరగవేసి, ఏమియు కానక మరలును. అంతేకాదు, 1964లో యూజీన్ గార్ఫీల్డ్ అమెరికాలో వెలువరించిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్ నాటినుండి, ఏ వ్యాసమును ఎందరు పేర్కొనిరో లెక్కించుట పరిపాటియైనది. తప్పు సంఖ్య పడినచో ఆ పేర్కొనుట అసలు కర్తల లెక్కలో చేరకపోవచ్చును.

రెండు పద్ధతులు

గుర్తు పెట్టుటలో ముఖ్యముగా రెండు మార్గములు కలవు. ఒకటి పేరు–సంవత్సర పద్ధతి: “(ఫిస్కే, సుబ్బారో, 1925)” అని వాక్యములోనే వ్రాయుదురు, పట్టిక అకారాది క్రమమున ఉండును. హార్వర్డులోని జంతుశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్ 1881లో ఒక నత్తజాతి జీవిని గూర్చిన వ్యాసమున దీనిని వాడెను. కావున దీనికి హార్వర్డు పద్ధతి యని పేరు వచ్చినది. రెండవది సంఖ్యా పద్ధతి: వ్యాసములో వచ్చిన వరుసనే 1, 2, 3 అని గుర్తులు వేయుదురు. 1978లో వైద్య పత్రికల సంపాదకులు కెనడాలోని వాంకూవరులో సమావేశమై ఒక ఏకరీతిని కుదుర్చుకొనిరి. అందువలన దీనిని వాంకూవరు పద్ధతి యందురు. 1932 నుండి బెంగుళూరులో వెలువడుచున్న కరెంట్ సైన్స్ పత్రిక సంఖ్యలనే వాడును.

ఏది మేలు? మొదటిదానిలో ఎవరి మాటయో వెంటనే తెలియును. కాని వాక్యము బరువగును. ఒకే కర్త ఒకే యేడు రెండు వ్యాసములు వ్రాసినచో సంవత్సరము ప్రక్కన ఎ, బి అని చేర్చవలెను. రెండవదానిలో చదువుట సుకరము. కాని నడుమ ఒక ఆధారమును చేర్చినచో తరువాతి సంఖ్యలన్నియు మారును. పత్రిక ఏది కోరునో దానినే పాటించుట మర్యాద. రెంటిని కలుపుట మాత్రము తగదు.

వాల్తేరు ఉదాహరణము

1950 దశకమున అమెరికా సముద్రశాస్త్రజ్ఞుడు ఇ. సి. లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చి, ఇచ్చటివారితో కలిసి బంగాళాఖాతమును పరిశోధించెను. నైరుతి గాలి తీరము వెంబడి వీచునపుడు పైనీరు సముద్రములోనికి జరిగి, అడుగునుండి చల్లని నీరు పైకి ఉబుకును. ఈశాన్యపు గాలికి ఇందుకు విరుద్ధముగా జరుగును. దీనిని గూర్చిన ఆయన వ్యాసము 1954లో విశ్వవిద్యాలయపు సముద్రశాస్త్ర స్మారిక మొదటి సంపుటమున అచ్చయినది. చేపలు విరివిగా దొరకు తావులను గుర్తించుటకు ఇట్టి సమాచారము ఉపయోగపడును.

ఈ సంపుటమును పేర్కొనువారు ఒకరు స్మారిక అని, మరియొకరు విశ్వవిద్యాలయ గ్రంథమాల అని వ్రాయుదురు. రోమను లిపిలో కర్త పేరు కొందరు కలిపి, కొందరు విడదీసి వ్రాయుదురు. ప్రచురణ స్థలము వాల్తేరని అచ్చయినదానిని విశాఖపట్నమని మార్చువారును కలరు. ఊరొకటే యని ఎరిగినవారికి చిక్కు లేదు. దూరదేశపు విద్యార్థికి మాత్రము ఒకే గ్రంథము మూడు గ్రంథములుగా తోచును. అచ్చులో ఎట్లున్నదో అట్లే వ్రాయుట దీనికి మందు.

తెలుగు పేర్ల చిక్కు

పాశ్చాత్యుల పట్టికలలో పేరులోని కడపటి మాట వంశనామముగా చెల్లును. మనకు ఇంటిపేరు ముందు, సొంతపేరు వెనుక. సుబ్బారావుగారి పేరును కలిపి వ్రాసినచో “సుబ్బారో” అను చోట దొరకును. విడదీసినచో “రో” లలో కలిసిపోవును. ఇక రావులు, రెడ్లు, మూర్తుల సంగతి చెప్పనక్కరలేదు. కావున పరిశోధకుడు మొదటి వ్యాసమునుండియే తన పేరును ఒకే తీరున వ్రాయుట మేలు. ఈ చిక్కు విప్పుటకే 2012లో ఆర్కిడ్ అను ఏర్పాటు వచ్చినది. దానియందు కర్తకు 16 స్థానముల గుర్తింపు సంఖ్య నిత్తురు. వ్యాసములకును ఇట్టి గుర్తింపు కలదు, దానిని డి.ఓ.ఐ. అందురు. పత్రిక కోరినచో దీనిని వరుస చివర చేర్చవలెను.

చూడనిది చేర్చరాదు

చదువని వ్యాసమును చదివినట్లు పట్టికలో చేర్చుట అన్నిటికన్న పెద్ద దోషము. ఒకరి పట్టికను ఎత్తి వ్రాసినచో వారి తప్పులు కూడ వచ్చును. మూలము దొరకనపుడు, ఫలానావారి వ్యాసమున పేర్కొన్నట్లుగా అని వ్రాయుట నిజాయితీ. నేడు వ్యాసములు వ్రాసిపెట్టు యంత్రములు వచ్చినవి. అవి ఒక్కొక్కప్పుడు లేని వ్యాసములకు నమ్మదగినట్టి శీర్షికలను, సంపుటములను, పుటలను కల్పించి యిచ్చును. కూర్పు చక్కగా ఉన్నంత మాత్రమున ఆధారము నిజము కాదు. ప్రతిదానిని తెరచి చూడవలసినదే.

ఈ అలవాటు ఉన్నత పాఠశాలలోనే మొదలుకావచ్చును. విజ్ఞాన ప్రదర్శనమునకు విద్యార్థి వ్రాసిన నివేదికలోని ఆధార పట్టికను ఉపాధ్యాయుడు మరియొక విద్యార్థి చేతికిచ్చి, గ్రంథాలయమునుండి ఆ పుటలను వెదకి తెమ్మనవచ్చును. అడుగకుండనే పుట దొరకినచో పట్టిక సరియైనది. దొరకనిచో దిద్దవలసిన వరుస ఏదో ఇద్దరికిని తెలియును.