పాత కారు ఇంటికొచ్చిన మొదటి వారం



ఈరోజు నేను చెప్పబోయేది వంటల గురించీ కాదు, కుట్టుపని గురించీ కాదు. కారు గురించి. "కారు సంగతి మనకెందుకమ్మా, అది మగవాళ్ళ వ్యవహారం" అనుకుంటున్నారా? నేనూ మొన్నటిదాకా అలాగే అనుకున్నాను. అలా అనుకున్నందుకు, చీటీలు కట్టి కూడబెట్టిన డబ్బు కాస్తా కృష్ణార్పణం కాబోయింది. అందుకే మీతో చెబుతున్నాను.

మాది బందరు. మావారి ఉద్యోగం గుడివాడలో. ఇన్నేళ్ళూ బస్సు మీదే తిరిగారు. మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక, తొమ్మిదేళ్ళ నాటి చిన్న పెట్రోలు కారు ఒకటి కొన్నాం. అమ్మినాయన, "సర్వీసు చేయించే ఇస్తున్నాను, ఏడాది దాకా బానెట్ ఎత్తక్కర్లేదు" అన్నాడు. సర్వీసు తేదీ రాసిన స్టిక్కరు కూడా చూపించాడు. మేము నమ్మాం. పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, ఆ ఆదివారమే మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి దర్శనానికి వెళ్ళాం.

తిరుగు ప్రయాణంలో చల్లపల్లి దగ్గరకు వచ్చేసరికి, స్టీరింగు ముందు ఎర్రగా చిన్న దీపం వెలిగి, ఆరి, మళ్ళీ వెలిగింది. నూనె చెంబు లాంటి బొమ్మ. బండి నడుపుతున్న మా మేనల్లుడు, "ఏం లేదత్తయ్యా, సెన్సరు పాడై ఉంటుంది, బందరు వెళ్ళాక చూపిద్దాం" అన్నాడు. మావారూ ఊఁ అన్నారు. నాకెందుకో మనసొప్పలేదు. ఎర్రదీపం ఊరికే పెడతారా? "వద్దు నాయనా, ముందు బండి ఆపు" అన్నాను.

దగ్గర్లో ఉన్న మెకానిక్కును పిలుచుకొచ్చారు. అతను డిప్‌స్టిక్ బయటికి తీసి, నాకే చూపించాడు. పుల్ల చివర రవ్వంత నల్లటి జిగురు తప్ప నూనె లేదు. "అమ్మా, ఇంకో పది కిలోమీటర్లు ఇలాగే పోయుంటే ఇంజను పట్టేసేది" అన్నాడు. ఆయిలు పోసి, దీపం ఆరాక, నెమ్మదిగా బందరు చేరాం. మర్నాడు పాత ఆయిలు దించితే బెల్లం పాకంలా సాగింది. ఫిల్టరైతే తుప్పు పట్టి ఉంది. అంటే కొత్తగా మార్చింది స్టిక్కరొక్కటే!

ఇంతకీ ఆ నూనె చేసే పనేమిటి? పూర్వం ఎడ్లబండి ఇరుసుకు కందెన వేసేవారు. ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి రాసేవారు. కందెన లేకపోతే బండి కీచుమనేది, ఇరుసు అరిగిపోయేది. కారు ఇంజనులోనూ అదే సూత్రం. కాకపోతే ఇక్కడ ఇంజను నిమిషానికి మూడు వేల చుట్లు తిరుగుతుంటే, పిస్టన్లు కూడా మూడు వేల సార్లు కిందికీ పైకీ ఆడతాయి. ఇనుమూ ఇనుమూ రాసుకోకుండా మధ్యలో నిలిచేది పలచటి నూనె పొర ఒక్కటే. పైగా అది వేడిని లాగుతుంది, మసిని కడిగి తనలో కలుపుకుంటుంది, తుప్పు పట్టకుండా కాపాడుతుంది.

బజ్జీలు వేసిన నూనెలోనే మళ్ళీ మళ్ళీ వేయిస్తే ఏమవుతుంది? నల్లబడుతుంది, చిక్కబడుతుంది, వాసనేస్తుంది. ఇంజను ఆయిలూ అంతే. వేడికి మాగిపోతుంది. అందులో కలిపిన రక్షక రసాయనాలు ఖర్చయిపోతాయి. అయితే ఒక్క మాట: రంగు చూసి తీర్పు చెప్పకండి. డీజిలు బండిలో కొత్త ఆయిలు కూడా కొద్దిరోజులకే నల్లబడుతుంది. అందుకే లెక్క కిలోమీటర్లతోనూ, నెలలతోనూ కట్టాలి.

అంబాసిడర్లు, ఫియట్లు తిరిగిన రోజుల్లో కొద్ది వేల కిలోమీటర్లకే ఆయిలు మార్చేవారు. 1983 డిసెంబరులో మారుతి కారు రోడ్డెక్కింది. ఆ తర్వాత ఇంజన్లూ బాగుపడ్డాయి, నూనెలూ బాగుపడ్డాయి. ఇప్పుడు చాలా చిన్న పెట్రోలు కార్లకు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందొస్తే అది అని కంపెనీ పుస్తకంలో రాస్తారు. మీ బండికి ఎంతన్నది మీ బండి పుస్తకమే చెప్పాలి.

ఆ "ఏది ముందొస్తే అది" దగ్గరే మనం పొరపడతాం. బందరు నుంచి గుడివాడ నలభై కిలోమీటర్లకు దగ్గర. రానూ పోనూ ఎనభై అనుకోండి. వారానికి ఆరు రోజులు తిరిగితే ఐదు నెలలకే 10,000 పూర్తవుతాయి. ఏడాది దాకా ఆగితే రెండు సర్వీసులు ఎగ్గొట్టినట్టే. మరి కోనేరు సెంటరుకూ, గుడికీ మాత్రమే కారు తీసేవాళ్ళు? రోజుకు ఐదు కిలోమీటర్లు తిరిగితే ఏడాదికి రెండు వేలైనా దాటవు. అయినా ఏడాదికి ఆయిలు మార్చాల్సిందే. ఎందుకంటే, అంత దగ్గర దూరాలకు ఇంజను పూర్తిగా వేడెక్కదు. లోపల పట్టిన చెమ్మ ఆరదు. అది నూనెలో కలిసి దాన్ని పాడుచేస్తుంది. తక్కువ తిరిగిన బండికి సర్వీసు అక్కర్లేదన్నది ఒట్టి భ్రమ.

మన ప్రాంతానికి ఇంకో చిక్కుంది. కోతల కాలంలో రోడ్ల నిండా ధూళి, గడ్డి. ఎయిర్ ఫిల్టరు చెప్పిన గడువుకు ముందే మూసుకుపోతుంది. ఆరబోసిన గడ్డి మీదుగా వెళితే, అది బండి కింద చిక్కుకుని సైలెన్సరు వేడికి అంటుకునే ప్రమాదం కూడా ఉంది. మంగినపూడి, హంసలదీవి ఇసుకలోకి వెళ్ళి వస్తే ఉప్పు పడుతుంది. ఇంటికి రాగానే బండి అడుగుభాగం మంచినీళ్ళతో కడిగించండి.

మరి పాత కారు కొనగానే ఏం చేయాలి? అమ్మినవాళ్ళ మాట ఎలా ఉన్నా, రుజువు రసీదులు లేకపోతే, ఏమీ మార్చలేదనే అనుకోండి. మొదటి వారంలోనే ఇంజను ఆయిలు, ఆయిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు మార్పించండి. కూలెంటు, గేరు ఆయిలు, స్పార్కు ప్లగ్గులు చూపించండి. బ్రేకు ఆయిలు గాలిలో చెమ్మను పీల్చుకుంటుంది కాబట్టి సాధారణంగా రెండేళ్ళకోసారి మార్చాలి. ఇంజనులో టైమింగ్ బెల్టు ఉందా, చైనా అని అడగండి. బెల్టయితే దానికీ గడువుంటుంది. అది తెగితే చాలా ఇంజన్లలో లోపలి వాల్వులు వంగిపోతాయి.

ఆయిలు ఏ రకమన్నది పుస్తకం చూసే పోయించండి. "మన ఎండలకు చిక్కటిది మంచిది" అంటారు కొందరు. పలచటి నూనెకు తయారైన ఇంజనులో చిక్కటిది పోస్తే, పొద్దున్నే స్టార్టు చేయగానే అన్ని మూలలకూ త్వరగా చేరదు. చిన్న కార్లకు సుమారు మూడు లీటర్లు పడుతుంది. ఎక్కువ పోసినా ముప్పే. మజ్జిగ చిలికినట్టు నురగ కడుతుంది.

డిప్‌స్టిక్ చూడటం మనకు కష్టమేమీ కాదు. బండి సమంగా ఉన్న నేల మీద ఆపి, ఇంజను ఆపాక ఐదు నిమిషాలు ఆగండి. పుల్ల తీసి గుడ్డతో తుడిచి, మళ్ళీ పూర్తిగా దించి తీయండి. రెండు గీతల మధ్య నూనె ఉండాలి. పాత ఇంజన్లు కాస్త నూనె తాగుతాయి. అందుకని పదిహేను రోజులకోసారైనా చూడండి. ఎర్రదీపం వెలిగాక చూడటమంటే, పాలు పొంగాక పొయ్యి ఆర్పినట్టే.

ఆ పుల్ల మీద నూనె పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే, నీళ్ళు చేరాయని అనుమానించాలి. బండి తీయకుండా మెకానిక్కును పిలవండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేల వాహనాలు మునిగాయి. మునిగిన బండిని కడిగి, మెరుగు పెడితే పైకి తెలియదు. కొనేముందు సీటు బెల్టు చివరికంటా లాగి మట్టి చార ఉందేమో చూడండి. కార్పెట్టు ఎత్తి వాసన చూడండి. స్టెప్నీ గుంటలో తుప్పు వెతకండి.

దించిన పాత ఆయిలును కాలువలోనో, మురుగులోనో పోయనివ్వకండి. మన ఊళ్ళ మంచినీటి చెరువులు నిండేది కృష్ణ కాలువలతోనే. చట్టం కూడా దాన్ని ప్రమాదకర వ్యర్థంగానే లెక్కిస్తుంది. షెడ్డులో డబ్బాలోకి పట్టి, తీసుకునేవాళ్ళకు అప్పగిస్తారా అని అడగండి.

చివరగా, పాల లెక్క రాసే పుస్తకంలోనే కారుకు ఒక పేజీ కేటాయించండి. తేదీ, మీటరు అంకె, ఏం మార్చారు, మళ్ళీ ఎప్పుడు, ఈ నాలుగే. మా ఇంట్లో ఆ పద్దు ఇప్పుడు నాదే. పొద్దున గుడివాడ బయల్దేరేముందు మావారు, "ఏమోయ్, ఇంకా ఎన్ని కిలోమీటర్లుంది?" అని నన్నే అడుగుతున్నారు.