పెరటి కోళ్ళ పోట్లాట

కోలారు జిల్లా మాలూరు తాలూకాలోని టేకల్ రాతిగుట్టల నడుమ ఉన్న ఊరు. ఇటువంటి ఊళ్ళలో పెరటి కోళ్ళు రాగులు, పురుగులు ఏరుకొని తింటూ పెరుగుతాయి. కొన్ని ఇళ్ళలో నాలుగైదేళ్ళు దాటిన పెట్టలు కూడా ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ అవి పెట్టే గుడ్లు తగ్గుతాయి. జబ్బులను తట్టుకొనే శక్తి కూడా తగ్గుతుంది.

కోళ్ళు ఎందుకు పొడుచుకొంటాయి? ప్రతి మందలోనూ పెద్ద, చిన్న అనే వరుస ఉంటుంది. పెద్దది ముందు తింటుంది. అడ్డువచ్చిన దానిని పొడుస్తుంది. నార్వే శాస్త్రజ్ఞుడు షెల్డెరుప్ ఎబ్బె 1922లో ఈ వరుసను వివరించాడు. ఒక కోడి నీరసించినా, కొత్త కోడి వచ్చినా వరుస చెదిరి పోట్లాట మొదలవుతుంది. కాబట్టి పొడిచే కోడిని తరమడంతో సరిపోదు. పోట్లు తినే కోడిని పరీక్షించాలి. దానికి రెక్కల కింద పేలున్నాయా, కాళ్ళకు పుండ్లున్నాయా, మేత తింటున్నదా అని చూడాలి.

నెత్తురు కనబడితే మిగిలినవి మళ్ళీ అక్కడే పొడుస్తాయి. అందుచేత గాయపడిన కోడిని వేరే గంప కింద ఉంచాలి. మేత, నీళ్ళు రెండు మూడు చోట్ల పెట్టాలి. కొత్త కోళ్ళను కొన్నాళ్ళు తడిక అవతల ఉంచి, తరువాత మందలో కలపాలి. పొర్లడానికి పొడిమట్టి, బూడిద ఉంటే పేలు తగ్గుతాయి.

ఆకుపచ్చని విరేచనాలు, మెడ మెలితిరగడం కొక్కెర తెగులు గుర్తులు. దీనిని నయంచేసే మందు లేదు. ముందుగా టీకా వేయించడమే రక్షణ. ఈ గుర్తులు కనబడగానే పశువైద్యునికి తెలపాలి.

సాయంత్రం గూటికి చేర్చేటప్పుడు ఒక్కొక్క కోడిని చూడటం పిల్లలు కూడా చేయగల పని. మూలకు ఒదిగిన కోడిని ఆనాడే గుర్తిస్తే మిగిలిన మందను కాపాడుకొనే వీలుంటుంది.